ఇంటిపేరు పోలండ్‌ది, చొక్కా వేల్స్‌ది

ఇంటిపేరు వినగానే ‘మీదే ఊరండీ?’ అని అడగడం మనకి అలవాటు. ఇంటిపేర్లలో ఊరి పేర్లు బోలెడు మరి! పోలండ్‌లోనూ అంతే. ‘స్కీ’, ‘త్స్కీ’ అని ముగిసే పేర్లలో చాలావాటి వెనక ఏదో ఒక ఊరుంటుంది. అలాంటి ఇంటిపేరుతోనే వేల్స్ జాతీయ జట్టుకి ఫుట్‌బాల్ ఆడాడు రిషార్ద్ క్షివిత్స్కీ. పోలండ్ ఎక్కడ, వేల్స్ ఎక్కడ?

అదంతా యుద్ధం చేసిన పని. 1939లో జర్మనీ, సోవియట్ యూనియన్ చెరోవైపు నుంచీ పోలండ్ మీద పడ్డాయి. దేశం పోయినా వేలమంది పోలిష్ సైనికులు బ్రిటన్ పక్షాన పోరాడారు. 1945లో యుద్ధమైతే గెలిచారు కానీ ఇల్లు దక్కలేదు. తూర్పు పోలండ్ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. మిగతాది కమ్యూనిస్టుల చేతికెళ్లింది. వెనక్కి వెళ్లలేనివాళ్ల కోసం బ్రిటన్ 1947లో ప్రత్యేకంగా ఓ చట్టమే చేసింది. యుద్ధకాలపు సైనిక శిబిరాలే ఎన్నో కుటుంబాలకు ఇళ్లయ్యాయి. ఇంగ్లండ్‌లోకి చొచ్చుకెళ్లినట్టుండే వేల్స్ కొసన పెన్లీ అనే పల్లె ఉంది. అక్కడ అమెరికా సైన్యం వాడి వదిలేసిన ఆస్పత్రి పోలిష్ వాళ్ల ఆస్పత్రిగా మారి, 2002 దాకా నడిచింది.

పోలిష్ తల్లిదండ్రులకు రిషార్ద్ ఆ పెన్లీలోనే 1947లో పుట్టాడు. బ్రిటన్ ఒకటే దేశమైనా ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరు జట్లు. ఆ రోజుల్లో ఎవరికి ఆడాలన్నది తేల్చేది ముఖ్యంగా పుట్టిన చోటే. కొద్ది మైళ్లు అటు పుట్టి ఉంటే అతనికి వేల్స్ చొక్కా దక్కేది కాదు!

రిషార్ద్‌ని అభిమానులు ‘డిక్’ అని పిలుచుకున్నారు. తొమ్మిది అక్షరాల ఇంటిపేరు మాత్రం అలాగే ఉంది. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్‌లో వింగర్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆ క్లబ్బు 1968లో ఎఫ్ఏ కప్ గెలిచిన ఫైనల్లో అతనికి చోటు దొరకలేదు. అదే ఏడాది చారిటీ షీల్డ్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో ఆల్బియన్ 1-6తో చిత్తయింది. ఆల్బియన్ కొట్టిన ఆ ఒక్క గోలూ డిక్‌దే! 1970 లీగ్ కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అందులోనూ సిటీదే గెలుపు.

ఆ ఏడాదే హడర్స్‌ఫీల్డ్ టౌన్‌కి మారాడు. అక్కడా కలిసిరాలేదు. 1972లో, మళ్లీ 1973లో ఆ జట్టు కింది డివిజన్లకు జారింది. చివరి మజిలీ లింకన్ సిటీ. తర్వాత ఇంగ్లండ్ జట్టుకి మేనేజరైన గ్రాహం టేలర్ శిక్షణలో లింకన్ 1975-76లో 111 గోల్స్ కొట్టి నాలుగో డివిజన్ గెలిచింది.

వేల్స్ తరఫున డిక్ ఆడింది 8 మ్యాచ్‌లే. రికార్డు పుస్తకాల్లో అదో చిన్న లెక్క. కానీ సొంతూరికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన వాళ్లకి అది చిన్నదేం కాదు. తలదాచుకోనిచ్చిన నేల, వాళ్ల బిడ్డల్లో ఒకడిని ‘మావాడు’ అంటూ ఎనిమిదిసార్లు మైదానంలోకి పంపింది. ఇంటిపేరు మార్చుకోమని మాత్రం అడగలేదు.