ఎనిమిది దీపాల పాఠం

అటక మీద పాత కంప్యూటరు ఉందా? పాత సామాన్లవాడికి వేసేముందు దాని వెనకభాగం ఓసారి చూడండి. ఇంగ్లిషు 'డి' అక్షరం ఆకారంలో, 25 రంధ్రాలతో ఓ సాకెట్ కనిపిస్తే... అదే పారలల్ పోర్టు. అసలు పని ప్రింటరుకు అక్షరాలు పంపడం. కానీ ఒక తరం కుర్రాళ్లకు ఎలక్ట్రానిక్స్ నేర్పిన బడి అది!

టెక్కలిలో ఆదిత్య ఇంజినీరింగ్ కాలేజీ 2001లో మొదలైంది. రాష్ట్రమంతటా ఊరూరా ఇలాంటి కాలేజీలు వెలసిన రోజులవి. ఈ పోర్టుతో దీపాలు వెలిగించడం, చిన్న మోటారు తిప్పడం అప్పటి విద్యార్థుల ప్రాజెక్టుల్లో సర్వసాధారణం. కారణం ఒకటే... ఖర్చు తక్కువ.

ఎలా పనిచేస్తుంది?

సాకెట్లో 2 నుంచి 9 దాకా ఉన్న ఎనిమిది పిన్నులు సమాచారాన్ని బయటికి పంపుతాయి. 18 నుంచి 25 వరకూ గ్రౌండ్. ఒక్కో పిన్నుకు 470 ఓమ్‌ల రెసిస్టరు, దానికో చిన్న ఎల్ఈడీ కలిపి, రెండో కొసను గ్రౌండ్‌కు ఇస్తే చాలు. ఎనిమిది దీపాలు సిద్ధం. చాలా కంప్యూటర్లలో ఈ పోర్టు చిరునామా 888. క్యూబేసిక్‌లో 'అవుట్ 888, 1' అని రాస్తే మొదటి దీపం వెలుగుతుంది. రెండోదానికి 2, మూడోదానికి 4, నాలుగోదానికి 8... ఇలా రెట్టింపవుతూ ఎనిమిదోదానికి 128. మొదటిదీ మూడోదీ కలిసి వెలగాలంటే 5 పంపాలి. 255 పంపితే అన్నీ దీపావళే! పుస్తకంలో బుర్రకెక్కని బైనరీ లెక్క కళ్లముందే తేలిపోతుంది.

విండోస్ 95, 98లలో ఇదంతా తేలిగ్గా సాగేది. 2001లో ఎక్స్‌పీ వచ్చాక ప్రోగ్రాములు నేరుగా పోర్టును తాకడం కుదరలేదు. మధ్యలో ప్రత్యేక డ్రైవరు ఉండాల్సిందే. ఆ సంగతి తెలియకపోతే బాగున్న సర్క్యూట్‌నే విప్పి మళ్లీ మళ్లీ అతికించాల్సి వచ్చేది.

ఇక్కడే జాగ్రత్త

దీపం వెలిగాక ఆశ పెరుగుతుంది. ఫ్యాను వేద్దామా, ఉద్దానం కొబ్బరితోటలో నీళ్ల మోటారు ఆన్ చేద్దామా అనిపిస్తుంది. ఆగండి! పిన్నులో ఉండేది అయిదు వోల్టుల లోపు, కొద్ది మిల్లీయాంపులే. రిలేను నేరుగా తగిలిస్తే పోర్టు కాలిపోవచ్చు. తొలినాళ్లలో పోర్టు విడి కార్డు మీద ఉండేది, కాలితే కార్డు మార్చుకునేవారు. తర్వాత అది మదర్‌బోర్డులోనే కలిసిపోయింది. నెలనెలా కూడబెట్టి కొన్న కంప్యూటరు ఒక్క తప్పు తీగతో మూలపడే ప్రమాదం ఉండేది.

అందుకే మధ్యలో యూఎల్ఎన్ 2003 అనే చిప్పు పెడతారు. ఒక్కదాంతో ఏడు రిలేలు నడపొచ్చు. రిలేలకు వేరే 12 వోల్టుల సరఫరా ఇవ్వాలి. తీగలు కలిపేటప్పుడు, తీసేటప్పుడు కంప్యూటరు ఆపేయాలి. ఇక 230 వోల్టుల ఇంటి కరెంటు జోలికి పిల్లలు వెళ్లకూడదు. కాలేది పోర్టు అయితే డబ్బుతో పోతుంది, ఇది ప్రాణాలతో చెలగాటం. మోటారు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

ఇప్పుడెలా?

1996లో వచ్చిన యూఎస్‌బీ మెల్లగా ప్రింటర్లను తనవైపు లాక్కుంది. పారలల్ పోర్టు కొత్త ల్యాప్‌టాపుల్లోంచి మాయమైంది. యూఎస్‌బీ నుంచి ప్రింటరుకు కలిపే కేబులు కొని ప్రయోగాలు చేద్దామంటే కుదరదు. దానికి ప్రింటరు భాష తప్ప ఒక్కో పిన్నును వెలిగించడం రాదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్వినో బోర్డు ఆ ఖాళీ నింపింది. పొరపాటు జరిగితే చాలాసార్లు పోయేది ఆ చిన్న బోర్డే, కంప్యూటరు కాదు.

అయినా అటక మీది పాతదాన్ని పారేయక్కర్లేదు. అది ఇంకా పనిచేస్తుంటే పిల్లలకిచ్చి, పెద్దవాళ్లు పక్కన కూర్చోండి. ముందు ఓ చిక్కు ప్రశ్న వేయండి. 170 పంపితే ఏయే దీపాలు వెలుగుతాయి? కాగితం మీద 128, 32, 8, 2 కూడితే జవాబు దొరుకుతుంది... ఒకటి విడిచి ఒకటి!