చక్రం తిప్పేది ఈ డబ్బాయే!

రిమోట్ కారు కొనేటప్పుడు ఇంట్లో అందరి చూపూ మోటారు మీదా బ్యాటరీ మీదా ఉంటుంది. ఎంత స్పీడు వెళ్తుంది, ఎంతసేపు నడుస్తుంది... ఇవే ప్రశ్నలు. నాలుగు రోజులు పోయాక అదే కారు 'ఎడమకి తిరుగుతోంది కానీ కుడికి తిరగట్లేదు నాన్నా' అంటూ వెనక్కి వస్తే, చాలాసార్లు దానికి కారణం మోటారూ కాదు, బ్యాటరీ కాదు. ముందు చక్రాల వెనకాల నక్కి కూర్చున్న అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. దాని పేరు స్టీరింగ్ సర్వో. రాజకీయాల్లో మాట ఏమో కానీ, ఈ కార్లలో నిజంగా చక్రం తిప్పేది అదే.

తిరునాళ్లలో దొరికే బొమ్మ కార్ల సంగతి కాదు మనం చెప్పుకుంటున్నది. భాగాలు విప్పి మళ్లీ బిగించుకోగలిగే అసలైన రేసు కార్లు... అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు కొలతలతో ఉండేవి. జపాన్ కంపెనీ తమియా 1976లో పోర్షే 934 కారుకు రిమోట్ నమూనా తెచ్చింది. జపాన్, అమెరికా, ఐరోపాల్లో వీటికి క్లబ్బులున్నాయి, ట్రాకులున్నాయి. మన దగ్గర ఈ పందేలు ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టుల్లో కనిపిస్తాయి. అక్కడ పిల్లల జేబులో డబ్బులు అంతంతమాత్రం. కాబట్టి చవకలో మంచి సర్వో ఏదన్నది వాళ్లకు పెద్ద ప్రశ్నే.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. సర్వోలో ఒక చిన్న మోటారు, నాలుగైదు పళ్ల చక్రాలు, ఇరుసు ఎటు తిరిగి ఉందో కనిపెట్టే ఒక పొటెన్షియోమీటరు, ఒక బుల్లి సర్క్యూట్ ఉంటాయి. రిమోట్ నుంచి వచ్చే సంకేతం సెకనుకు సుమారు యాభైసార్లు అందుతుంది. ఆ సంకేతం నిడివి 1.5 మిల్లీసెకన్లుంటే 'నేరుగా ఉండు' అని అర్థం. అది ఒకటి వైపు తగ్గితే ఒక పక్కకి, రెండు వైపు పెరిగితే మరో పక్కకి. సర్క్యూట్ ఈ ఆజ్ఞనూ ఇరుసు ఉన్న చోటునూ పోల్చి చూసుకుంటూ, రెండూ కలిసేదాకా మోటారును తిప్పుతుంది.

డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ఒకటి బలం. దీన్ని కిలో-సెంటీమీటర్లలో రాస్తారు. పది అని ఉంటే, ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరంలో పది కిలోల బరువుకు సరిపడా లాగగలదని. రెండు సెంటీమీటర్ల దూరంలో అయితే అయిదు కిలోలే. రెండో అంకె వేగం. 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయం. ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది.

షాపుకు వెళ్తే మొదటి అంకె గురించే చెబుతారు. 'ఇరవై అయిదు కిలోలది తీసుకోండి సార్, ఏనుగులాంటిది' అంటారు. మీరు చూడాల్సింది రెండోది. ఎందుకంటారా? గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. ఎడమ చివర నుంచి కుడి చివరకు చక్రాలు తిరగాలంటే సర్వో ఇంచుమించు 60 డిగ్రీలు కదలాలి. ఫుటాబా వారి పాత ఎస్3003 రకానికి 6 వోల్టుల దగ్గర ఇందుకు 0.19 సెకను పడుతుంది. అంటే మీ ఆజ్ఞ పూర్తయ్యేసరికి కారు రెండు మీటర్లు ముందుకెళ్లిపోయింది! శావాక్స్ వారి 1258 రకానికి 0.08 సెకను. అప్పుడు కారు మీటరు కూడా దాటదు. వరసగా రెండు వంపులొచ్చే చోట గెలుపోటములు తేలేది ఈ ఒక్క మీటరు దగ్గరే.

ఇక చవక సరుకు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో రోబోటిక్స్ సామాన్లు అమ్మే ఏ కొట్లో అడిగినా ముందు చేతిలో పెట్టేది ఎంజీ996ఆర్. మూడు నాలుగు వందల రూపాయల్లో వస్తుంది. పళ్లు లోహంవి. బలం 6 వోల్టుల దగ్గర 11 అని రాసి ఉంటుంది. పైన చెప్పిన శావాక్స్ బలమూ 12 మాత్రమే. దాని ధర మాత్రం వేలల్లో ఉంటుంది. మరి తేడా ఎక్కడుంది? వేగంలో కొంత... దీనికి 0.14, దానికి 0.08. అంతకంటే ముఖ్యమైన తేడా, స్టీరింగ్ వదిలేశాక సరిగ్గా మధ్యకు వచ్చి ఆగడంలో ఉంది. చవక సర్వోల్లో పళ్ల మధ్య వదులు ఎక్కువ. ఎడమ నుంచి వదిలితే ఒకచోట, కుడి నుంచి వదిలితే మరోచోట ఆగుతాయి. తిన్నటి దారిలో కూడా కారు తాగినవాడిలా ఊగుతూ పోతుంది. ఈ గుణం ఏ డబ్బా మీదా రాయరు. పైగా ఒకే పేరుతో నాలుగైదు రకాల నకళ్లు తిరుగుతుంటాయి. కాబట్టి కొట్లోనే సర్వో టెస్టరుకు తగిలించి చూపమనండి. ఇరుసుకు పొడవాటి పుల్ల బిగిస్తే చిన్న తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది.

మట్టి దారిలో నడిపే పదో వంతు కారుకు, నేర్చుకునే దశలో, డీఎస్3218 లాంటి ఇరవై కిలోల రకం మంచి బేరమే. ఎంజీ996ఆర్ కన్నా ఇంకొంచెం పెట్టాలి, కానీ గట్టిది. వేగం 0.14 నుంచి 0.16. గుంతల్లో ఆ మాత్రం చాలు. నున్నటి రోడ్డు మీద పందేనికి మాత్రం 0.10 దాటిన సర్వో కొనకండి. ఇప్పుడు డబ్బులు చాలకపోతే రెండు నెలలు ఆగి కొనుక్కోవడమే మేలు. కారు ఒకటిన్నర కిలోలే కాబట్టి అక్కడ బలం ఎనిమిదో పదో ఉంటే సరిపోతుంది. ఎనిమిదో వంతు ఇంజిను కార్ల సంగతి వేరు. అవి మూడు కిలోలు దాటతాయి. వాటికి పదిహేను, ఇరవై కావాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. చాలా కార్లలో సర్వోకీ చక్రాలకీ మధ్య ఒక స్ప్రింగు భాగం ఉంటుంది. పేరు సర్వో సేవర్. చక్రం గోడకు గుద్దుకుంటే ఆ దెబ్బ పళ్లదాకా పోకుండా ఇది వంగి కాపాడుతుంది. ఈ స్ప్రింగు మరీ మెత్తగా ఉంటే, మీరు ఎంత బలమైన సర్వో పెట్టినా ఆ బలం చక్రాలకు చేరదు. ముందు స్ప్రింగే వంగిపోతుంది. ఇరవై అయిదు కిలోల ఏనుగును నూలు దారంతో బండికి కట్టినట్టు! అలాగని దాన్ని తీసేసి గట్టి అల్యూమినియం కమ్మీ పెట్టేస్తే మొదటి గుద్దుకే పళ్లు రాలతాయి. కాస్త గట్టి స్ప్రింగు ఉన్న సేవర్ మార్చుకుంటే పాత సర్వోతోనే పని జరిగిపోవచ్చు. అసలు కొత్తది కొనేముందే లింకు ఊడదీసి, చక్రాలను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. ఎక్కడో రాయి ఇరుక్కునో, స్క్రూ బిగుసుకునో ఉంటే తప్పు సర్వోది కాదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. కారులో మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీయే సర్వోకూ కరెంటు ఇస్తుంది. బలమైన సర్వో ఇరుక్కుపోయినప్పుడు రెండు మూడు ఆంపియర్లు లాగేస్తుంది. ఈఎస్‌సీ అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోయి రిసీవరు ఒక్క క్షణం కళ్లు మూస్తుంది. ఆ క్షణంలో కారు మీ మాట వినదు. 'రిమోట్ పాడైంది' అని పొరబడేది ఇక్కడే. ఇంకో సంగతి... డబ్బా మీద పెద్దగా వేసే అంకె ఎక్కువ వోల్టేజీ దగ్గరది. 7.4 వోల్టుల అంకె చూసి కొని 6 వోల్టుల మీద నడిపితే ఆ బలమూ రాదు, ఆ వేగమూ రాదు.

రోబోటిక్స్ కొట్లలో కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకే సర్వో 180, 270, 360 డిగ్రీల రకాల్లో దొరుకుతుంది. కారుకు 180 తీసుకోండి. 270 రకం రిమోట్‌ను కాస్త కదిపితే చాలు, అవసరానికి మించి తిరుగుతుంది. 360 అని అమ్మేది సాధారణంగా ఆగకుండా గిరగిరా తిరిగే రకం. దానికి మధ్య ఏదో తెలియదు, స్టీరింగుకు పనికిరాదు. 'వాటర్‌ప్రూఫ్' అన్న మాటను కూడా మరీ నమ్మకండి. వానలో నడిపాక తుడిచి ఆరబెట్టాల్సిందే.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. ముందు రిమోట్, కారు రెండూ ఆన్ చేసి సర్వోను మధ్యకు రానివ్వండి. ఆ తర్వాతే చెయ్యి తగిలించండి. తర్వాత చక్రాలను చివరిదాకా తిప్పితే 'గుర్ర్' మని మూలుగు వినిపిస్తుందేమో చూడండి. వినిపిస్తే చక్రం ఆగిపోయాక కూడా సర్వో తోస్తూనే ఉందన్నమాట. రిమోట్‌లో ఎండ్ పాయింట్ అన్న సర్దుబాటును మూలుగు ఆగేదాకా తగ్గించాలి. చవక సర్వోలు కాలిపోవడానికి ఇదో పెద్ద కారణం.

కొట్టుకు వెళ్లేటప్పుడు పాత సర్వోను వెంట తీసుకెళ్లండి. ఇరుసు మీద గాట్ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. ఫుటాబా రకానికి 25, హైటెక్‌కు 24, జేఆర్, సన్వాలకు 23. లెక్క కలవకపోతే పాత చెయ్యి కొత్తదానికి ఎక్కదు. వైర్లు కూడా లెక్కపెట్టండి. మూడుంటే ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ పనికొస్తాయి. కొన్ని చవక కార్లలో అయిదుంటాయి. వాటి సర్వోలో సర్క్యూట్ ఉండదు, అది కారు బోర్డు మీదే ఉంటుంది. అలాంటి కారుకు ఆ మోడల్‌కు అమ్మే అయిదు వైర్ల సర్వోనే అడిగి తెచ్చుకోవాలి.