పరాయి నీటికి దారి ఇచ్చిన లోయ

2025 ఏప్రిల్ నెలలో భారత ప్రభుత్వం సింధు జలాల ఒడంబడికను నిలిపి ఉంచుతున్నట్లు ప్రకటించిన నాటినుండి, సరిహద్దులు దాటి పారే నదులను గూర్చిన ప్రసంగం మన తరగతి గదులలోకి కూడ వచ్చినది. 1960లో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వాన కుదిరిన ఆ ఒడంబడిక తూర్పున పారే మూడు నదులను మనకును, పడమటి మూడింటిలో అధికభాగాన్ని పాకిస్తానుకును కేటాయించినది. రెండు దేశాలకు నడుమ యుద్ధాలు జరిగిన రోజులలో కూడ అది అమలులోనే ఉన్నది. విద్యార్థులు ఈ విషయాన్ని గూర్చి ఆసక్తితో ప్రశ్నలు వేస్తున్నారు, సంతోషమే. కాని నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఈ పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయుడు సింధునది దాకా పోనక్కరలేదు. నల్లమల అడుగున సాగే తెలుగుగంగ కాలువ గట్టు మీదికి పిల్లలను తీసికొని పోతే చాలును. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండలలో పుట్టిన నీరు కర్ణాటకాన్ని, తెలంగాణాన్ని దాటి వచ్చి, మన వాకిట పారి, తమిళనాడు చేరి చెన్నపట్టణపు కొళాయిలలో పడుతున్నది. నీటికి సంబంధించినంత వరకు రాష్ట్రపు హద్దు దేశపు హద్దుకు ఏమంత తీసిపోదు. అవతల వేరొక ప్రభుత్వం, వేరొక శాసనసభ, అదే వానకోసం ఎదురుచూచే వేరొక రైతు ఉంటారు.

ఈ నీరు ఇన్ని దారులుండగా మన లోయనే ఎందుకు ఎన్నుకొన్నది? సమాధానం నేల వాలులో ఉన్నది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు; నడుమ కుందూనది. పండితులు దీనికి కుముద్వతి అని అందమైన పేరు పెట్టినారు గాని రైతు నోట అది కుందే. ఓర్వకల్లు ప్రాంతపు కొండలలో పుట్టి, నంద్యాలను ఒరసికొని, కోయిలకుంట్ల మీదుగా దక్షిణానికి పోయి కమలాపురం వద్ద పెన్నలో కలుస్తుంది. ఆళ్లగడ్డ పక్కన పారే వక్కిలేరు కూడ దీనిలోనిదే. అంటే మన లోయ పెన్నకు చెందినది. ఉత్తరాన కృష్ణ మాత్రం ఎంతో దూరంలో లేదు. రెండింటి నడుమ నందికొట్కూరు వైపున ఒక చిన్న మెరక అడ్డమున్నది, అంతే. ఆ మెరకను కోస్తే కృష్ణనీరు తనంతట తానే దక్షిణానికి జారుతుంది. నూటయాభై ఏండ్లుగా ఇంజనీర్ల చూపు ఈ లోయమీద పడుటకు కారణమిదే.

మొదట చూపు వేసినది ఒక ఇంగ్లీషు కంపెనీ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860 దశకంలో తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 306 కిలోమీటర్ల కాలువను నడిపినది. పొలాలకు నీరు, పడవలకు దారి, వాటాదారులకు లాభం, ఈ మూడును ఒక్క కాలువతో సాధించవలెనని వారి ఆశ. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు వానతోనే పండించుకొనే రైతు నీటితీరువా ఇచ్చి తడి పెట్టుకొనుటకు ముందుకు రాలేదు, కంపెనీ నష్టపడినది, 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసినది. నేడు అదే కాలువ కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. నాడు వద్దన్న నీటికోసం నేడు చివరి భూముల రైతులు రాత్రింబవళ్లు తూముల వద్ద కాపలా కాయవలసి వస్తున్నది.

విద్యార్థులు ఇక్కడ ఒక విశేషాన్ని గమనింపవలె. కె.సి. కాలువ పొడుగునా త్రవ్వినది కాదు. కొంతమేర నీటిని నిప్పులవాగులోను, గాలేరులోను, కుందూలోను వదలి, సంతజూటూరు, రాజోలి ఆనకట్టల వద్ద మళ్లీ పట్టుకొంటారు. ఖర్చు తగ్గించే ఉపాయమే, సందేహం లేదు. కాని దానివల్ల నంద్యాల వద్ద కుందూ ఏకకాలంలో నదియు, కాలువయు, ఊరి మురుగును మోసే కాలువయు అయి కూర్చున్నది. ఎండకాలంలో మురుగు, 2019 సెప్టెంబరులో వలె నల్లమలపై కుంభవృష్టి కురిసినప్పుడు వరద.

హద్దుల మాటకు వస్తే సుంకేసుల చరిత్ర మరింత విచిత్రమైనది. కాలువ త్రవ్విన నాడు తుంగభద్రకు ఒక గట్టు నిజామువారిది, రెండవ గట్టు ఇంగ్లీషువారిది. 1956లో రెండు గట్లును ఒకే రాష్ట్రంలోకి వచ్చినవి. 2014లో నదిమీద మళ్లీ గీత పడినది. ఎగువన హోసపేట వద్ద కర్ణాటకలో తుంగభద్ర జలాశయమున్నది. 133 టీఎంసీల కోసం కట్టిన ఆ జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. (టీఎంసీ అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు, ఈ మాట పత్రికలలో నిత్యం చూచే పిల్లలలో దీని అర్థం చెప్పగలవారు తక్కువ.) 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ జలాశయపు పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, కర్ణాటకలో తెగిన గొలుసు ఎంత దూరాన ఎవరి నారుమడిని తాకునో మనవారికి బోధపడినది. బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కాలువకు 39.9 టీఎంసీలు కేటాయించిన మాట నిజమే. కాగితంమీది కేటాయింపు వేరు, ఆగస్టులో కాలువలోకి దిగే నీరు వేరు.

ఇక తెలుగుగంగ. మద్రాసు దాహానికై మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలకు 5 టీఎంసీల వంతున 15 టీఎంసీలు ఇచ్చుటకు 1976లో ఒప్పుకొన్నవి. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా పథకం రూపు దిద్దుకొన్నది. 1996లో కృష్ణనీరు తమిళనాడు గడ్డను తాకినది. శ్రీశైలం జలాశయంనుండి పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేరి, సుమారు పదహారు కిలోమీటర్లు నడచి బానకచర్ల చేరి, అక్కడ చీలి, వెలుగోడు జలాశయం నిండి, రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి ప్రాంతాల మీదుగా కడప జిల్లాకు, అటనుండి సోమశిల, కండలేరు జలాశయాలకు సాగుతుంది.

దాహానికి మొదటి హక్కు ఉన్నదనుటలో నాకు సందేహం లేదు. 2019 వేసవిలో చెన్నపట్టణపు చెరువులన్నీ ఎండి ప్రజలు బిందెలతో వరుసలు కట్టిన దృశ్యాన్ని చూచినవారెవరును ఆ 15 టీఎంసీలకు అసూయపడరు. నా అభ్యంతరం మరొకటి. చెన్నపట్టణపు వాటాకు మూడు రాష్ట్రాల సంతకాలున్నవి. అదే కాలువ కింద రాయలసీమ, నెల్లూరు పొలాలకు అనుకొన్న 29 టీఎంసీల కృష్ణనీటికి ఆధారం మిగులు జలాలు, అంటే వరద వస్తే వచ్చేవి. దారి ఇచ్చినవాని పొలానికి వరద ఆశ, దారి చివర ఉన్నవానికి ఒప్పందపు హామీ. ఆళ్లగడ్డ రైతు మా గట్టున పారే నీరు మాది కాదా అని అడిగితే దానిని అమాయకపు ప్రశ్న అని తోసివేయలేము.

ఈ ప్రశ్న కొత్తదియు కాదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్న జలాలలో రాయలసీమ అవసరాలకు ప్రాధాన్యమీయవలెనని పెద్దలు వ్రాసికొన్నారు. 1950 దశకపు తొలి ఏండ్లలో సిద్ధేశ్వరం వద్ద కృష్ణకు అడ్డుకట్టి పెన్నకు నీరు మళ్లించే ఆలోచన సాగి, ఖోస్లా సంఘం నందికొండను సూచించిన తరువాత మూలపడినది, నందికొండ నాగార్జునసాగరమయినది. 2016 మే 31న సీమ రైతులు సిద్ధేశ్వరానికి వేలాదిగా కదలిపోయి అక్కడ అలుగు కట్టవలెనని కోరుట ఆ పాత కోరిక కొనసాగింపే. శ్రీశైలంలో నీరు 854 అడుగులకు దిగిన పిమ్మట పోతిరెడ్డిపాడు నుండి నీరు తీయుట కష్టమవుతుంది. కింద విద్యుత్తుకై నీరు వదలిన కొలది ఆ మట్టం త్వరగా వస్తుంది. అలుగు అడిగేవారి వాదంలోని సారమింతే.

2025లో గోదావరి నీటిని 200 టీఎంసీల మేర పోలవరంనుండి బానకచర్లకు తెచ్చే ప్రతిపాదన బయలుదేరినది. తెలంగాణ అభ్యంతరం చెప్పినది. కేంద్ర పర్యావరణ నిపుణుల సంఘం అంతర్రాష్ట్ర సమస్యలు ముందు తేల్చుకొనుమని దానిని త్రిప్పి పంపినది. నైలు నదిని 1959లో ఈజిప్టు, సూడాను పంచుకొన్నప్పుడు ఆ నీటిలో అధికభాగమిచ్చే ఇథియోపియాను బల్లవద్దకు పిలువలేదు. ఇథియోపియా తన ఆనకట్టను 2025 సెప్టెంబరులో ప్రారంభించుకొన్నది, తగాదా నేటికిని తీరలేదు. మన సంప్రదింపులలో ప్రభుత్వాలు కూర్చుంటున్నవి, న్యాయవాదులు కూర్చుంటున్నారు. చాగలమర్రి చివరి తూము రైతును పిలిచినవారు లేరు.

పోతిరెడ్డిపాడులో ఎంత తీసినారు, బానకచర్ల వద్ద ఏ పాయకు ఎంత చీలినది, వెలుగోడులో ఎంత నిలిచినది అన్న మూడు అంకెలను ప్రతిదినం తెలుగులో, కాలువ వెంట ఉన్న ప్రతి పంచాయతి గోడమీద వ్రాయించుట ఏ ట్రిబ్యునల్ తీర్పుకోసమును ఆగవలసిన పని కాదు. ఉన్నత పాఠశాలల పిల్లలు ఆ అంకెలను నోటు పుస్తకాలలో ఎక్కించుకొంటూ ఒక నీటి సంవత్సరం, అనగా జూను మొదలు మే వరకు, నడిపినారంటే, చెన్నపట్టణం పేర ఎంత పోయినదో, ఆళ్లగడ్డ పేర ఎంత నిలిచినదో లెక్క వారి చేతిలోనే ఉంటుంది.