ముందు నడిచింది కాళ్లే

పుట్టుకను బట్టి మనిషికి వెలకట్టిన దేశం మనది. బ్రాహ్మడు ముఖమనీ, శూద్రుడు పాదాల్లోంచి పుట్టాడనీ పురుషసూక్తం చెప్పింది. మాల మాదిగలకు ఆ పాదాల్లో కూడా చోటు లేదు! తల గొప్పది, కాళ్లు తక్కువవి. మంత్రం గొప్పది, కాయకష్టం తక్కువది. ఈ లెక్కను తరతరాలుగా మన బుర్రలకెక్కించారు.

తలను నెత్తిన పెట్టుకునే ఈ జబ్బు మన పండితులకే లేదు. దొరల పండితులకూ ఉండేది. ఆ కథ వినండి.

1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్‌లో ఆదిమానవుడి పుర్రె దొరికిందన్నారు. తల మనిషంత, దవడ కోతిది. మనిషికి మొదట పెరిగింది మెదడే, అదీ మా గడ్డ మీదే అని అక్కడి పెద్దలు చాలామంది మురిసిపోయారు.

1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ దగ్గర, సున్నపురాయి క్వారీలో, రాయిగా మారిన ఒక పసిబిడ్డ పుర్రె బయటపడింది. అది జొహన్నెస్‌బర్గ్‌లో పాఠాలు చెప్పే రేమండ్ డార్ట్ చేతికి చేరింది. ఆయన రాయి గీకి గీకి ముఖం బయటికి తీశాడు. మెదడు చూస్తే కోతి మెదడంతే. పళ్లు మాత్రం మనిషి పళ్లను పోలి ఉన్నాయి. వెన్నుపాము వెళ్లే కంత పుర్రె అడుగున ఉంది. నాలుగు కాళ్ల మీద నడిచే జంతువుకు ఆ కంత వెనక వైపుకు ఉంటుంది. అడుగున ఉందంటే తల వెన్ను మీద నిలబడిందన్నమాట. అంటే ఆ బిడ్డ రెండు కాళ్ల మీద నడిచింది! 1925లో డార్ట్ ఈ సంగతి ప్రకటించాడు.

దొరలు నమ్మలేదు. ఆఫ్రికాలోనా? ఇంత చిన్న తలా? కోతిపిల్ల పొమ్మన్నారు. ఒక్క పసిబిడ్డ పుర్రెతో తేల్చలేమన్న మాటలో కొంత న్యాయం ఉంది. మరి పిల్ట్‌డౌన్ పుర్రెను అంత తేలిగ్గా ఎట్లా నమ్మారు?

తర్వాత దక్షిణాఫ్రికా గుహల్లో పెద్దవాళ్ల ఎముకలూ దొరికాయి. డార్ట్‌ను కాదన్న ఆర్థర్ కీత్ 1947లో తన తప్పు ఒప్పుకున్నాడు. 1953లో పిల్ట్‌డౌన్ బండారం బయటపడింది. మనిషి పుర్రెకు కోతి దవడ జతచేసి, పళ్లు అరగదీసి, రంగు పూశారు. నలభై ఏళ్లు దొంగ ఎముకకు పీట వేశారు. అసలు ఎముకను ఏళ్ల తరబడి గడప బయట నిలబెట్టారు. ఈ పద్ధతి మనకు కొత్తా?

1974లో ఇథియోపియాలో లూసీ ఎముకలు దొరికాయి. వయసు 32 లక్షల ఏళ్లు. మెదడు చిన్నది, తుంటీ మోకాలూ నడిచే మనిషివి. 1978లో టాంజానియాలోని లేటోలిలో, గట్టిపడిన అగ్నిపర్వతం బూడిదలో 36 లక్షల ఏళ్ల నాటి అడుగుజాడలు కనబడ్డాయి. ముందు కాళ్లు నిలబడ్డాయి, చేతులు ఖాళీ అయ్యాయి. తల పెద్దదయింది ఆ తర్వాత లక్షల ఏళ్లకు.

సైన్సులోనూ అహంకారులుంటారు. కానీ ఎముక ఎదురుపడితే సైన్సు తన మాట మార్చుకోక తప్పదు. వర్ణం చెప్పే పుస్తకం ఎన్నడన్నా మార్చుకుందా?

అందుకే ఈ పాఠం మన పిల్లలకు కావాలి. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేసింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, సైన్సు అభిమానులు వద్దని సంతకాలు పెట్టినా వినలేదు. పై తరగతుల్లో జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకే దాన్ని మిగిల్చారు. పదితో చదువాగిపోయేది ఎవరి పిల్లలకు? కూలికి పోయే ఇంటి పిల్లలకు కాదా?

ఎముకలు మనకు హక్కులు తెచ్చిపెట్టవు. హక్కులు పోరాడి తెచ్చుకోవాల్సిందే. కానీ పుట్టుకలోనే తక్కువవాళ్లమన్న అబద్ధాన్ని మోస్తూ పోరాడలేం. బడిలో చెప్పకపోతే మన గూడెంలో, మన సంఘం అరుగు మీద మనమే చెప్పుకుందాం. తల ముందు పుట్టిందని ఎవరన్నా అంటే చెప్పండి: ముందు నడిచింది కాళ్లే!