కొండ వస్తున్నది, పైకెత్తు!

మా వీధి చివరింటి అవ్వగారి మనవడు క్రిందటి నెల మొదటిసారిగా విమానమెక్కి పరదేశం వెళ్ళాడు. ఆ రాత్రి ఆవిడకు నిద్రలేదు. మర్నాడు నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే గుమ్మంలోనే నిలబెట్టి, "ఏం నాయనా, నువ్వు నాలుగు సంగతులు చదివేవాడివి. మన బళ్ళారి కోట కొండ పగలైతే ఆమడ దూరానికి కనపడుతుంది. నడిరాత్రి మబ్బుల్లో పోయే విమానానికి కొండ అడ్డమొస్తే వాళ్ళకెట్లా తెలుస్తుంది?" అని అడిగారు. "దానికి యంత్రాలుంటాయి లెండవ్వా" అని అప్పటికి తప్పించుకున్నాను గాని, అది ఏ యంత్రమో నాకూ తెలియదు. తెలుసుకున్న తరువాత ఆవిడకు చెప్పిన సమాధానమే ఈ నెల పాఠకులకూ మనవి చేస్తున్నాను.

విమానం కొండను ఢీకొన్నదంటే ఇంజను చెడిపోయిందనో, విమానం స్వాధీనం తప్పిందనో అనుకుంటాం. చాలాసార్లు అదేమీ కాదు. ఇంజన్లు చక్కగా నడుస్తూంటాయి, లోపల అందరూ నెమ్మదిగా కూర్చుని ఉంటారు. పైలటు తానొక చోట ఉన్నాననుకుంటాడు, విమానం మరొక చోట ఉంటుంది. 1974 డిసెంబరు 1న అమెరికాలో, వాషింగ్టన్ దగ్గర దిగబోతున్న టి.డబ్ల్యు.ఏ. విమానం విషయంలో ఇదే జరిగింది. ఎప్పుడు ఎంత ఎత్తుకు దిగవచ్చునన్న దానిమీద పైలట్లకూ, క్రిందనుంచి దారి చెప్పేవారికీ మధ్య అపార్థం వచ్చింది. విమానం వర్జీనియాలో ఒక కొండకు తగిలి 92 మంది పోయారు.

విమానంలో ఎత్తు చెప్పే సాధనాలు రెండు రకాలు. ఒకటి గాలి ఒత్తిడిని బట్టి సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నామో చెబుతుంది. కాని 5,000 అడుగుల ఎత్తున పోయే విమానం క్రింద 4,900 అడుగుల కొండ ఉంటే ఆ లెక్క ఏం లాభం? రెండవది విమానం పొట్టనుంచి నేలకు రేడియో తరంగాలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి నేల ఎంత దూరమో కొలుస్తుంది. సుమారు 2,500 అడుగుల లోపలే దీని పని.

కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు 1960ల చివర ఈ రెండవదాన్ని ఆధారం చేసుకుని ఒక హెచ్చరిక యంత్రం తయారుచేశాడు. అది అంకెలు చూపి ఊరుకోదు, అనుక్షణం లెక్కవేస్తూంటుంది. విమానం మరీ వేగంగా దిగుతున్నదా? నేల మరీ వేగంగా దగ్గరకు వస్తున్నదా? పైకి లేచిన వెంటనే మళ్ళీ క్రుంగుతున్నదా? చక్రాలు దించకుండానే నేలను సమీపిస్తున్నదా? దిగవలసిన బాటకంటె క్రిందికి జారిందా? వీటిలో ఏది జరిగినా నోరు విప్పి ఇంగ్లీషులో అరుస్తుంది. అన్నిటికంటె గట్టి కేక "పుల్ అప్", అనగా ముక్కు పైకెత్తు అని. వర్జీనియా ప్రమాదం తరువాత, 1975 చివరికల్లా పెద్ద జెట్ ప్రయాణ విమానాల్లో ఇది ఉండితీరాలని అమెరికా ప్రభుత్వం శాసించింది.

అయితే దీనికొక లోపం ఉండేది. అది క్రిందికి చూస్తుంది గాని ముందుకు చూడదు. తలవంచుకుని పాదాలు చూసుకుంటూ నడిచేవాడికి గోడ నుదుటికి తగిలేదాకా తెలియదు గదా! 1979 నవంబరు 28న న్యూజీలాండ్ విమానమొకటి 257 మందితో దక్షిణ ధ్రువ ప్రాంతం చూసి రావడానికి వెళ్ళింది. బయలుదేరడానికి కొన్ని గంటల ముందే కంప్యూటరులో దారి మార్చారు, ఆ మాట పైలట్లకు చెప్పలేదు. సముద్రం మీద పోతున్నామని వారనుకుంటున్నారు. ఎదురుగా ఉన్నది ఎరెబస్ అగ్నిపర్వతం. మంచు తెలుపూ మబ్బు తెలుపూ కలిసిపోయి వాలు కనపడలేదు. యంత్రం అరిచింది. పైలటు వెంటనే ఇంజన్ల శక్తి పెంచమన్నాడు. కాని ఆ అరుపు తరువాత మిగిలిన వ్యవధి సుమారు ఆరు సెకన్లే. ఒక్కరూ బ్రతకలేదు.

ఈ కొరత తీర్చడానికి బేట్‌మన్ బృందం భూమి పటాన్నే యంత్రంలోకి ఎక్కించింది. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయిన తరువాత, ఆ దేశంవారు కొండల ఎత్తులు గుర్తించి దాచుకున్న పటాలు కూడా సంపాదించారు. 1990ల మధ్య వచ్చిన ఈ కొత్త యంత్రం ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది, ముందున్న కొండను పటంలో చూసుకుంటుంది. సుమారు ఒక నిమిషం ముందుగా జాగ్రత్త అంటుంది, అరనిమిషం ఉందనగా "పుల్ అప్" అంటుంది. ప్రమాదమైన కొండలు ఎదుటి తెరమీద ఎర్రగా కనపడతాయి. ఆరు సెకన్లెక్కడ, అరవై సెకన్లెక్కడ! ఇంత మేలు చేసిన బేట్‌మన్ 2023లో, 91 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఇక్కడికి కథ సుఖాంతమనుకున్నాను, కాలేదు. 2012 మే 9న ఇండొనేసియాలో, రష్యావారి కొత్త సుఖోయ్ ప్రయాణ విమానాన్ని కొనదలచినవారికి చూపించేందుకు 45 మందితో ఎగరేశారు. మబ్బుల చాటున సలక్ పర్వతం ఉంది. పైలటు అతిథితో మాటల్లో ఉన్నాడు. ఢీకొనడానికి 38 సెకన్ల ముందే యంత్రం కేక వేసింది, మళ్ళీ మళ్ళీ వేసింది. ఇక్కడ కొండ ఎక్కడిది, పటంలోనే తప్పు ఉండి ఉంటుందని తలచి అతను దాని నోరు నొక్కేశాడు. అందరూ పోయారు. మొదటి కేక తరువాత 24 సెకన్లలోగా విమానాన్ని పైకి మళ్ళించి ఉంటే తప్పించుకోగలిగేవారని విచారణలో తేలింది.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. తొలినాటి యంత్రాలు ఏ ప్రమాదమూ లేనప్పుడు కూడా తరచు అరిచేవట. ఊరికే అరిచేదాన్ని ఎవరు నమ్ముతారు? ఈ జబ్బు నాకూ తెలుసు. మా ఆఫీసులో అర్జెంటు కాగితాలకు ఎర్ర చీటీ గుచ్చడం ఆనవాయితీ. క్రమంగా ప్రతివారూ ప్రతి ఫైలుకూ ఎర్ర చీటీ గుచ్చసాగారు. చూసి చూసి ఆ ఎరుపు నా కంటికి ఆనడం మానింది. అలా నా బల్లమీది కట్టలో ఒక వితంతువు కుటుంబ పెన్షను కాగితం రెండు నెలలు పడి ఉంది. చీటీ ఉండనే ఉంది, చూడనివాణ్ణి నేను. ఆమె పిల్లవాణ్ణి వెంటబెట్టుకు వచ్చి, "అయ్యా, ఇంకా కాలేదా?" అని అడిగిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే పైలట్లకు నేర్పే నియమం నాకు నచ్చింది. రాత్రివేళ గాని, మబ్బుల్లో గాని "పుల్ అప్" అని వినపడితే, నిజమా అబద్ధమా అని విచారించకూడదు. ముందు ముక్కు పైకెత్తాలి, ఇంజన్లకు పూర్తి శక్తి ఇవ్వాలి. సందేహాలు పైకి పోయిన తరువాత తీర్చుకోవచ్చు. కేక అబద్ధమైతే పోయేది కొంచెం ఇంధనం, నిజమైతే దక్కేది అందరి ప్రాణాలు.

ఇదంతా విని అవ్వగారు, "అయితే అది చెప్పేది చెబుతుంది, వీళ్ళు వినాల. అంతేగదా నాయనా?" అన్నారు. అంతేనన్నాను. మనవడు క్షేమంగా చేరినట్టు అప్పటికే ఫోను వచ్చింది గనుక ఆవిడ స్థిమితంగానే ఉన్నారు. నేను మాత్రం ఆ రోజు ఆఫీసుకు పోగానే కాఫీకి లేవకుండా ఎర్ర చీటీల కట్ట విప్పి, మొదటి కాగితంనుంచీ చదవడం మొదలుపెట్టాను.