ఆటలో మోకాలు జాగ్రత్త



సంక్రాంతి దగ్గర పడితే మన వట్లూరు, పెదపాడు మొదలుకొని కొల్లేటి లంకల దాకా కుర్రవాళ్ళకు కబడ్డీ మీదే ధ్యాస. ఆడనివ్వండి, ఆట మంచిదే. అయితే ఒక్క పట్టుతో బిడ్డను ఏడాదిపాటు ఇంట కూర్చోబెట్టే దెబ్బ ఒకటుంది. అది ఎముకకు కాదు, మోకాలి లోపలి లిగమెంటుకు.

తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టుకునే తాళ్ళవంటివి లిగమెంట్లు. వాటిలో డాక్టర్లు ఎ.సి.ఎల్. అని పిలిచేది ఇంచుమించు చిటికెన వేలంత మందం. పరుగెత్తేవాడు చటుక్కున తిరిగినప్పుడు మోకాలు పట్టు తప్పకుండా ఆపేది అదే. కూతకు వెళ్ళినవాడి చీలమండ పట్టారనుకోండి. పాదం నేలకు అతుక్కుపోతుంది, ఒళ్ళు మాత్రం గీత వైపు తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. విచిత్రమేమంటే, చాలాసార్లు ఎవరూ తాకకుండానే, ఎగిరి దిగినప్పుడో, పరుగులో మలుపు తిరిగినప్పుడో ఇది తెగుతుంది.

లోపల ‘టక్’మని, కొద్ది గంటల్లో మోకాలు వాచిందంటే ఆట అక్కడితో ఆపాలి. ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, కాలు ఎత్తున ఉంచండి. మర్దనలు, లాగి కట్లు కట్టించడం వద్దు. ఎముకల డాక్టరుకు చూపించండి. ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు గనుక “ఎక్స్‌రే బాగుందట” అని ఊరుకోకండి.

అసలు మోసం తరువాతే. కొన్ని వారాలకు నొప్పి, వాపు తగ్గుతాయి. కుర్రవాడు మామూలుగా నడుస్తాడు. నయమైందనుకుని మళ్ళీ బరిలోకి దిగితే మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ లోపలి మెత్తని గుజ్జు చిరిగే ప్రమాదముంది. అదే ముందు ముందు కీళ్ళ అరుగుదలకు దారి తీస్తుంది. బరువు మోసి, పొలం గట్లు ఎక్కి దిగి బ్రతకవలసిన బిడ్డకు ఇది చిన్న నష్టమా?

నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో పూణే జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ, తోటి ఆటగాణ్ణి ఢీకొని ఈ లిగమెంటే తెంచుకున్నారు. ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ మధ్య గడిచినవి ఏడేళ్ళు!

నివారణకు పైసా ఖర్చు లేదు. దూకి దిగేటప్పుడు మోకాళ్ళు కాస్త వంచి మెత్తగా దిగాలి. అవి లోపలికి వాలకుండా పాదాల సూటిన ఉండాలి. ఇద్దరు జతగా ఇంకొకటి చేయవచ్చు. ఒకడు మోకాళ్ళ మీద నిలబడాలి, రెండోవాడు వెనుక నుండి మడమలు నొక్కి పట్టాలి. మొదటివాడు నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. దీనివల్ల తొడ వెనుక కండ గట్టిపడుతుంది. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే 13–17 ఏళ్ళ ఆడపిల్లలకు ఆటకు ముందు సుమారు 20 నిమిషాలు ఇటువంటి కసరత్తులు చేయిస్తే, మొత్తం గాయాలు మూడో వంతు, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయని 2008లో తేలింది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో ఆడపిల్లలకు ఈ లిగమెంటు తెగే ప్రమాదం మగపిల్లలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి వారిని ఆట మాన్పించకండి, ఈ కసరత్తులు చేయించండి.

ఆపరేషన్ అయినవారు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. ఆ తరువాత కూడా ఒంటికాలి మీద గెంతించి చూస్తారు. దెబ్బ తగిలిన కాలు, మంచి కాలు గెంతిన దూరంలో నూటికి 90 పాళ్ళయినా అందుకోవాలి. పండుగ మ్యాచి ముందే వచ్చిందా, కుర్రవాణ్ణి స్కోరు రాయడానికి కూర్చోబెట్టండి.