స్లైడవుటును వేసవికి సిద్ధపఱచుట

చైత్రము నడుచుచున్నది. మిషిగను రాష్ట్రమున మంచు కరగినది. మేపుల్ చెట్లు చిగిర్చుచున్నవి. మే మాసపు కడపటి సోమవారమున వచ్చు మెమోరియల్ డే మొదలు సెప్టెంబరు మొదటి సోమవారమగు లేబర్ డే వఱకు ఇచ్చటివారికి క్యాంపింగు కాలము. మన తెలుగు కుటుంబములును ఈ యలవాటునకు వచ్చినవి. ట్రైలరు గల సోదరీమణులు పలువురు ఆఱు మాసములు ముందుగనే స్టేట్ పార్కులలో చోటు కుదుర్చుకొని యుందురు. చోటు దొరకినది గదా, ఇక పులిహోర కలుపుకొని బయలుదేఱుటయే తరువాయి యని తలంచువారి కొఱకు ఈ మాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

మన దేశమున నుండి ఈ పుట చదువువారికి ముందుగా స్లైడవుటన నేమో చెప్పవలెను. ట్రైలరనగా కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ఇల్లు. పూర్వము తీర్థములకు పోవువారు గూడుబండిలో పక్కలు పఱచుకొని పోయినట్లే, ఇచ్చటివారు మంచములు, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అన్నియు వెంటబెట్టుకొని పోవుదురు. దారిలో ఇఱుకు తప్పదు; బండిపెట్టె వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు లోబడి యుండును. విడిదికి చేరిన పిమ్మట ఒక మీట నొక్కినచో ప్రక్కగోడలో నొక భాగము, తనలోని సోఫాతోను భోజనపు బల్లతోను గూడ, బీరువా సొరుగువలె రెండు మూడడుగులు వెలుపలికి జరుగును. దానినే స్లైడవుటందురు. 1990లో న్యూమార్ అను సంస్థ మోటారు ఇండ్లకు దీని నమర్చినది మొదలు ఇది నలుదెసల వ్యాపించినది. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండు పుష్పకమును గూర్చి చిన్ననాడు విన్నవారమే. అయినను గది పెరుగుట కన్నులార చూచిన దినమున మా యత్తగారు ముక్కుపై వేలిడుకొనిరి.

గది పెరుగుట వేడుకయే. కాని ఆలోచించి చూడుడు: గోడకు నిలువెత్తు కన్నము పెట్టి, ఆ కన్నములో నొక గదిని నిలిపినారు. దానిచుట్టు కాపలా యున్నది రబ్బరు పట్టీ యొక్కటే. వానకును, గాలికిని, ఎలుకకును అదియే సింహద్వారము. పెంకుటింట వాన కురిసినచో బొట్టు నడినెత్తిన పడును. గిన్నె పెట్టుదుము, మఱునాడు పెంకు సర్దింతుము. ట్రైలరులో నీటి నడక వేఱు. అది గోడలోపల దిగి, నేలపలకల నడుమ చేరి, నెలల తరబడి కంటబడక యుండి, ఒకనాడు కాలి క్రింద నేల మెత్తనగును. అప్పటికి లోపలి కఱ్ఱ చివికి యుండును.

క్రిందటి వసంతమున మాకిట్లే జరిగినది. మావారు పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. ఆ జీతములో మూడేండ్లు కూడబెట్టిన సొమ్ముతో అంతకుముందు శిశిరమున వాడిన ట్రైలరొకటి కొంటిమి. మంచు పోయిన పిమ్మట స్లైడవుటు తెఱచి, మంచము పరుపెత్తి చూడగా మూలను అరచేయంత నల్లని మరక కనబడినది. మడమతో నొక్కితిమి, నేల దిగినది. మరమ్మతు దుకాణపు మనిషి వచ్చి చూచి, "ఇది పెద్ద పని కాదు, ఈ వేసవి గడవనిండు" అనెను. జూన్ మాసమున గుంటూరునుండి మా యత్తగారు రానున్నారు. ఆమె పండుకొనవలసినది ఆ మంచముమీదనే. సరస్సు ఒడ్డున చోటు కుదిరి యున్నది. పిల్లలు దినములు లెక్కించుకొనుచున్నారు. మావారు, "ఆతడు పరవాలేదనుచున్నాడు గదా, పోయివత్తము" అనిరి. "బండి సంగతి ఆతనికి తెలియును, బూజు వాసనలో మీ తల్లిగారి ఉబ్బసము సంగతి మనకు తెలియును" అని మేమంటిమి. రెండు దినములు ఇంట మాటలు తక్కువయ్యెను. తుదకు అత్తగారికే టెలిఫోను చేసితిమి. "నాయనా, నేను వచ్చునది మిమ్ము చూచుటకు గాని చెఱువు చూచుటకు కాదు. నేల బాగుచేయించుడు" అని వారు తేల్చి చెప్పిరి. వేఱొక పనివానిని పిలిపించి నేల విప్పింపగా మూడడుగుల పొడవున పలక చేతిలో నలిగినది. మూలలో రబ్బరు పట్టీ బెత్తెడు చినిగి యున్నది. అంతకుముందు ఆ బండి ఎవరిదో, ఎన్ని వానలకు తడిసినదో! 1,800 డాలర్లు వ్యయమైనవి. ఆ వేసవి ప్రయాణము ఆగష్టునకు జరిగినది. సరస్సు అప్పటికిని అచ్చటనే యున్నది.

కావున ముందు మూలలు చూడుడు. స్లైడవుటు తెఱచిన వెంటనే నాలుగు మూలలను వంగి కూర్చుండి, వ్రేలితో తడవి, మడమతో నొక్కి చూడవలెను. గోడకాగితము ఉబ్బుట, మరక, మ్రగ్గిన వాసన — మూడును నీటి జాడలే. పిమ్మట ఒకరు లోపల దీపముతో నిలిచి, మఱియొకరు వెలుపల మెల్లని నీటి ధారను స్లైడవుటు పైకప్పుమీదను అంచులమీదను కాసేపు పోయవలెను. కారు కడుగు బలమైన ధార పనికిరాదు. అది మంచి పట్టీని దాటియు నీటిని లోనికి త్రోయును.

తెఱచుట కొక పద్ధతి కలదు. బండిని సమతలముగ నిలిపి, బ్యాటరీ నిండుగ నున్నదో లేదో చూడవలెను. వీలైనచో ఇంటి విద్యుత్తునకు తగిలించుట మేలు. గదిని జరుపు మోటారులు కొన్నింట రెండుండును, ఇరువైపుల నొకటొకటి. పల్లకి బోయీలవలె అవి సరిగా అడుగు కలిపి నడువవలెను. శక్తి చాలనప్పుడు ఒకటి వెనుకబడి గది వంకరగా చిక్కుకొనును. ప్రయాణమున గది కదలకుండ పెట్టిన అడ్డుకఱ్ఱలను తీయుట, తెఱచియున్న అలమర తలుపులను మూయుట, వెలుపల చెట్టో స్తంభమో అడ్డమున్నదేమో చూచుట — ఇవన్నియు మీట నొక్కుటకు ముందు. పిల్లలను మాత్రము కంటి ఎదుట వరుసగా నిలువబెట్టి లెక్కించిన పిమ్మటనే నొక్కవలెను. ఈ యంత్రమునకు బిడ్డ చేయి, బల్ల కోడు రెండు నొక్కటే. నొక్కిన వ్రేలిని నడుమ తీయక, గది తుదివఱకు పోయి ఆగువఱకు ఉంచవలెను.

శీతకాలమంతయు నలిగియున్న రబ్బరు పట్టీలు గోడకు అంటుకొని యుండవచ్చును, బలవంతముగ లాగరాదు. సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆఱనిచ్చి, రబ్బరు పట్టీల కొఱకే అమ్ము లేపనమును పలుచగా రాయవలెను. ఇచ్చట మన గృహిణులకొక మాట. వానకాలమున బిగిసిన సొరుగునకు మైనము రాచుట, బండి ఇరుసునకు కందెన పెట్టుట మన చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను ఇచ్చట కట్టిపెట్టవలెను. వ్యాజలైను, కిరసనాయిలు వంటివి రబ్బరును ఉబ్బించి చెఱచును. పండ్ల కడ్డీలకు చిక్కని కందెన పూసినచో దారిదుమ్ము దానికంటుకొని సానరాయివలె పండ్లను అరుగదీయును. తయారుచేసినవారి పుస్తకము చూచి, వారు చెప్పినచో ఆఱిపోవు సిలికాను ద్రవమును చల్లవలెను. వలదన్నచో ఏమియు చల్లరాదు. పైకప్పు అతుకులు పగిలియున్నచో, ఆ కప్పునకు తగినదని పుస్తకమున చెప్పిన జిగురునే వాడవలెను. స్నానపుగదికి వాడు సిలికాను జిగురు పూసినచో, అది ఊడిన పిమ్మట దానిపై మఱియొకటి నిలువదు.

ఎలుకల మాట చెప్పకుండ ముగింపలేము. చలికి తాళలేక అవి పట్టీసందున దూఱి, సోఫా క్రింద దూదితో గూళ్లు కట్టుకొనును. పెంటికలు చూచినంతనే చీపురు పట్టుట మన స్వభావము. వలదు, సోదరీమణులారా! కొన్ని యడవి యెలుకల మలమూత్రములలో హంటా అను వైరస్ ఉండును. 1993లో ఈ దేశపు నైఋతి రాష్ట్రములలో యువకులు ఊపిరాడక మరణింపగా ఈ జాతిని తొలుత కనుగొనిరి. సోకుట అరుదు; ఊపిరితిత్తులకు దిగినచో పదుగురిలో సుమారు నలుగురు దక్కరు. పొడిగా ఊడ్చినను, వాక్యూము పెట్టినను ఆ ధూళి లేచి ముక్కున చేరును. మొదట కిటికీలు, తలుపులు తెఱచి అరగంట వెలుపల నుండవలెను. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, ఒక పాలు బ్లీచి, తొమ్మిది పాళ్లు నీరు కలిపి, పెంటికలు నానునట్లు చల్లి, అయిదు నిమిషములు ఆగి, కాగితముతో తీసి సంచిలో కట్టి పాఱవేయవలెను. పిల్లల చేత ఈ పని చేయింపరాదు.

తక్కినవి మీరెఱిగినవే: చక్రములలో గాలి, పొగను విషవాయువును తెలుపు గంటలు, నీటితొట్టి కడుగుట. టైరు ప్రక్క చివరి నాలుగంకెలలో మొదటి రెండు వారమును, కడపటి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అన్నచో 2019లో ఇరువది మూడవ వారమున తయారైనది.

విడిదినుండి మరలునపుడు గది మూయుటకు ముందు నిచ్చెన వేసికొని దాని పైకప్పుమీది ఆకులను, పుల్లలను, మేపుల్ గింజలను ఊడ్చి, తడి తుడువవలెను. ఒక్క పుల్ల చాలును, గదితోపాటు లోనికి వచ్చుచు పట్టీని చీల్చుటకు. వాన కురియుచున్నను ఈ పని మానరాదు, తుడిచినంత మేలు. మోటారు మొరాయించినపుడు చేతితో త్రిప్పి గదిని లోనికి తెచ్చు ఏర్పాటు చాల ట్రైలరులకు కలదు. ఆ త్రిప్పుడు పిడి ఏ అఱలో నున్నదో, ఎచ్చట తగిలించి ఎటు త్రిప్పవలెనో ఇంటిముంగిట, పగటివేళ, ఒకసారి మీరును మీవారును చేసి చూచుకొనుడు.